ఆరాధన సంగీతం, 5వ పాఠం: సంఘం గొంతుకు తగిన శ్రుతి

కిందటి పాఠంలో జి, సి, డి, ఇ మైనర్ కార్డులతో (కార్డు అంటే కొన్ని స్వరాలను ఒకేసారి కలిపి వాయించడం) ఒక పల్లవిని లయ తప్పకుండా వాయించడం సాధన చేశాం. అది ఇంకా చేతికి కుదరకపోతే తొందరేమీ లేదు, మరో వారం అక్కడే ఉండండి. ఈసారి వేళ్లకు పని తక్కువ, చెవికి ఎక్కువ. పాటను ఏ శ్రుతిలో ఎత్తుకోవాలి, దాన్ని ఎవరి గొంతు చూసి నిర్ణయించాలి అన్నదే ఈ పాఠం.

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు ఆదివారం ఉదయం అద్దె హాళ్లలో కూడుకునే తెలుగు క్రైస్తవ సంఘాల్లో పాటలు నడిపించేది ఎక్కువగా ఉద్యోగాలు చేసుకునే యువతే. వారమంతా ఫోనులో విన్న పాటను, విన్న స్కేలులోనే, అంటే అదే శ్రుతిలో, నేర్చుకుని వస్తారు. పల్లవి బాగానే సాగుతుంది. చరణం పైకి ఎక్కగానే హాలులో సగం గొంతులు ఆగిపోతాయి. వేదిక మీద స్పీకర్ల హోరులో ఆ సంగతి నడిపించేవారికి తెలియదు. తెలిసినా, సంఘంలో ఆసక్తి తగ్గిందనుకుని "అందరూ గట్టిగా పాడాలి" అని మైకులో బతిమాలతారు. ఆసక్తికేమీ లోటు లేదు. ఆ ఎత్తు వారి గొంతుకు అందడం లేదు, అంతే.

సంగీత శిక్షణ లేని స్త్రీలు హాయిగా పాడగలిగిన పరిధి సుమారుగా కీబోర్డు మధ్యలోని సి కి కింద ఉన్న ఎ నుంచి, దాని పై స్థాయి ఎ కూడా దాటాక వచ్చే డి వరకు. పురుషులకు అవే స్వరాలు ఒక స్థాయి కింద. అంటే ఒక స్థాయి, దానిపైన మరో మూడు స్వరాలు. దీన్ని పుస్తకం వెనుక అట్ట మీద రాసి పెట్టుకోండి: కింద ఎ, పైన డి. ఒకటి రెండు చోట్ల క్షణకాలం ఇ తగిలినా ఫరవాలేదు. ఇ మీద నిలిచి దీర్ఘం తీయాల్సి వస్తే మాత్రం జనం వదిలేస్తారు.

ఇక పాటను కొలవాలి. పాట మొత్తం నెమ్మదిగా పాడుకుంటూ అన్నిటికన్నా కిందికి దిగే స్వరం ఏది, అన్నిటికన్నా పైకి వెళ్లేది ఏది అని సరిగమల్లో గుర్తించండి. మన పాటలు చాలావరకు రెండు రకాలుగా కనిపిస్తాయి. కొన్ని షడ్జం (స) చుట్టూ తిరుగుతాయి, మంద్ర (కింది స్థాయి) పంచమం (ప) నుంచి మధ్య స్థాయి పంచమం వరకు. ఇలాంటివి డి నుంచి జి వరకు ఏ స్కేలులోనైనా సంఘానికి అందుతాయి. డి లో ఆ పంచమాలు రెండూ ఎ స్వరాలవుతాయి, జి లో డి స్వరాలవుతాయి, రెండూ మన హద్దుల్లోనే ఉన్నాయి. మరికొన్ని మధ్య షడ్జం నుంచి తార (పై స్థాయి) షడ్జం వరకు ఎక్కుతాయి. వీటికి ఎ నుంచి డి వరకు ఉన్న స్కేళ్లు సరిపోతాయి. ఇదే పాటను జి లో ఎత్తుకుంటే పైన జి పాడాలి, అది ఎవరికీ అందదు.

మంద్ర పంచమం నుంచి తార షడ్జం దాకా సాగే పాటకు డి ఒక్కటే సరైన చోటు. కింద ఎ, పైన డి, రెండు వైపులా హద్దుకు తాకుతుంది. హార్మోనియం వాయించే పెద్దలకు ఇదే "రెండు శ్రుతి". ఒకటి అంటే సి, ఒకటిన్నర అంటే సి షార్ప్, నాలుగు అంటే ఎఫ్, ఐదు అంటే జి. మీ సంఘంలో ఆ వాడుక తెలిసినవారుంటే వారితో వారి లెక్కలోనే మాట్లాడండి.

మంద్ర పంచమం నుంచి తార గాంధారం (గ) వరకు వెళ్లే కొత్త పాటలూ ఉన్నాయి. ఏ స్కేలులో పెట్టినా అవి మొత్తంగా ఇమడవు. అప్పుడు కింది స్వరాలను వదులుకోండి, పైవాటిని కాదు. కింద రెండు పదాలు వినబడకపోయినా పాట ఆగదు, ఉచ్ఛస్థాయిలో గొంతు అందకపోతే ఆగిపోతుంది.

రికార్డింగుల విషయం ఒకటి చెప్పాలి. పురుష గాయకులు చాలామంది తమ గొంతు మెరిసే ఎత్తులో పాడతారు. ఒకరు జి స్కేలులో తార షడ్జం అందుకున్నారంటే, సంఘంలోని పురుషులకు అందే డి కన్నా అది అయిదు అర స్వరాలు (కీబోర్డులో పక్కపక్క మీటల మధ్య దూరం ఒక అర స్వరం) పైన ఉంది. ఆ పాటను డి కి దించండి. మొదటిసారి దించినప్పుడు నడిపించేవారికి పాట చప్పబడినట్టు అనిపిస్తుంది. రికార్డింగుకు అలవాటుపడిన చెవికి అది సహజమే. రెండో చరణం దగ్గర వాద్యాలు తగ్గించి హాలును వినండి. ఇంతకుముందు వినబడని గొంతులు వినబడుతుంటే స్కేలు సరిగ్గా ఉన్నట్టే.

సంఘం గొంతును కొలవడానికి నేను అన్నిటికన్నా నమ్మే పద్ధతి ఇది. వారం మధ్యలో ఇళ్లలో జరిగే ప్రార్థన కూడికలకు వెళ్లండి, గిటారు లేకుండా. సాక్ష్యం చెప్పి ముగించిన అమ్మగారు ఎవరూ అడగకుండానే ఒక పాట ఎత్తుకుంటారు, మిగిలినవారు అందుకుంటారు. ఆమె ఎత్తుకున్న శ్రుతి ఏ పుస్తకం చెప్పినదానికన్నా నిజమైనది. ఫోనులోని ట్యూనర్‌తో ఆ షడ్జం ఏదో చూసి పాట పేరు పక్కన రాసుకోండి. కొన్ని వారాలు ఇలా రాసుకుంటే మీ సంఘానికి సొంత పట్టిక తయారవుతుంది. చలికాలం ఉదయాల్లో, తొలి ఆరాధనలో గొంతులు ఇంకా విచ్చుకోవు కాబట్టి, మొదటి పాటను పట్టికలో ఉన్నదానికన్నా అర స్వరం దించి మొదలుపెట్టండి.

పాత కీర్తనలకు ఇంకో శ్రద్ధ అవసరం. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌధరి (1803–1890) కాలం నుంచి మన కీర్తనలు రాగతాళాలతో పుట్టినవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా కీర్తనల పైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి, అవి చదవకుండా కార్డులు కట్టకండి. శంకరాభరణమైతే మన మేజర్ కార్డులు సులువుగా ఒదుగుతాయి. మోహనలో మధ్యమం, నిషాదం లేవు. అక్కడ కార్డులు ఎన్ని తక్కువైతే అంత మేలు, షడ్జ పంచమాలను నిలిపి ఉంచినా చాలు. కల్యాణిలో ఉండేది ప్రతి మధ్యమం, అంటే అర స్వరం పైకి జరిగిన మధ్యమం, కాబట్టి సి స్కేలులో ఎఫ్ మేజర్ పట్టుకుంటే పాటకూ కార్డుకూ పొత్తు కుదరదు.

స్కేలు మారితే చేతులు ఎలా మారాలి? కార్డులను పేర్లతో కాక అంకెలతో గుర్తుంచుకోండి. షడ్జం మీద నిలిచే కార్డు 1, మధ్యమం మీద 4, పంచమం మీద 5, ధైవతం మీద నిలిచే మైనర్ 6. అమెరికాలోని నాష్‌విల్ స్టూడియోల్లో 1950ల చివర ఈ పద్ధతి రూపుదిద్దుకుంది. సరిగమలు తెలిసిన మనకు ఇందులో కొత్త ఏమీ లేదు. 1, 5, 6, 4 అని రాసుకున్న పల్లవి జి లో జి, డి, ఇ మైనర్, సి. డి లో డి, ఎ, బి మైనర్, జి. పాట మారలేదు, పీట మారింది.

గిటారుకు కాపో ఉంది, అంటే మెడ మీద తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ (మెట్టు) దగ్గర నొక్కి పట్టే క్లిప్పు. ఒక్కో ఫ్రెట్ అర స్వరం పెంచుతుంది. జి కార్డుల కుటుంబంతో రెండో ఫ్రెట్ మీద ఎ, మూడో ఫ్రెట్ మీద బి ఫ్లాట్ వస్తాయి. సి కుటుంబంతో రెండో ఫ్రెట్ మీద డి, మూడో ఫ్రెట్ మీద ఇ ఫ్లాట్. ఈ రెండు కుటుంబాలు వస్తే సంఘానికి కావలసిన స్కేళ్లు దాదాపు అన్నీ మీ చేతిలో ఉన్నట్టే. కీబోర్డులో స్కేలును మార్చే ట్రాన్స్‌పోజ్ మీట ఉంటుంది. పాట అయిపోగానే దాన్ని సున్నాకు తేవడం అలవాటు చేసుకోండి. జట్టులో మాట్లాడుకునేటప్పుడు వేళ్లు పట్టుకున్న కార్డు పేరు కాదు, వినబడే స్వరం పేరే చెప్పండి. కాపో పెట్టుకున్న అన్న "సి" అంటే, కీబోర్డు దగ్గరి చెల్లి నిజంగానే సి వాయిస్తుంది.

తబలాను మరచిపోవద్దు. కుడి తబలాను షడ్జానికి శ్రుతి చేసి ఉంచుతారు. వేదిక ఎక్కాక "ఇవాళ రెండు స్వరాలు దించుతున్నాం" అంటే తబలా వాయించే ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు. ఆ మాట శనివారం రాత్రికే చెప్పాలి. వీలైతే ఒకే శ్రుతిలో ఉన్న పాటలను వరుసగా పెట్టుకోండి.

ఆరాధన మధ్యలో స్కేలు మార్చాలంటే చేతి సైగ చాలు. వేళ్లు పైకి చూపితే షార్పులు, కిందికి చూపితే ఫ్లాట్లు, ఎన్ని వేళ్లు చూపితే ఆ స్కేలులో అన్ని ఉన్నట్టు. రెండు వేళ్లు పైకి డి, మూడు పైకి ఎ, ఒకటి కిందికి ఎఫ్, మూడు కిందికి ఇ ఫ్లాట్.

పాట ఎత్తుకునే క్షణం కూడా ఈ పాఠంలోదే. కీబోర్డు పల్లవి చివరి వాక్యం వాయించి షడ్జం మీద నిలవాలి. మొదటి పంక్తిని ఒక పురుష గొంతు, ఒక స్త్రీ గొంతు కలిసి, ఎవరి స్థాయిలో వారు, స్పష్టంగా పాడాలి. అప్పుడు హాలులో ప్రతివారికీ తమ చోటు దొరుకుతుంది. సంఘం పాటను పట్టుకున్నాక మైకు నుంచి ఒక అడుగు వెనక్కి జరగండి.

ఈ వారం సాధనకు మీ సంఘంలో తరచూ పాడే మూడు పాటలు తీసుకోండి. ఒక్కోదానికీ కింది స్వరం, పై స్వరం సరిగమల్లో రాసి, ఎ–డి హద్దుల్లో ఇమిడే స్కేళ్లు గుర్తించి, కార్డులను అంకెల్లో రాయండి. వాటిలో ఒకదాన్ని రెండు వేర్వేరు స్కేళ్లలో చూడకుండా వాయించగలిగేవరకు సాధన చేయండి. 6వ పాఠంలో ఆది తాళం పాట నుంచి తిశ్ర గతి (మూడేసి మాత్రల నడక) పాటలోకి ఆగకుండా ఎలా వెళ్లాలో నేర్చుకుందాం. అందుకోసం ఈ మూడింటిలో ఒకటైనా తిశ్ర గతిలో ఉన్నది ఎంచుకోండి.