గజ్జల హెర్నియాలో అపెండిక్స్ ఉంటే: అమ్యాండ్ హెర్నియాను గుర్తించడం, చికిత్స చేయడం

హైదరాబాద్‌లోని ఉస్మానియా, గాంధీ వంటి పెద్దాసుపత్రుల అత్యవసర విభాగాల్లో రాత్రి డ్యూటీ చేసే పీజీలనూ, నగరంలోని చిన్న నర్సింగ్ హోముల్లో హెర్నియా ఆపరేషన్లు చేసే యువ సర్జన్లనూ దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను. గజ్జల హెర్నియా (కడుపు గోడ బలహీనపడిన చోట లోపలి భాగాలు సంచిలా బయటకు పొడుచుకు రావడం) సంచిలో అపెండిక్స్ ఉంటే దానిని అమ్యాండ్ హెర్నియా అంటారు. 1735లో లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో క్లాడియస్ అమ్యాండ్ అనే సర్జన్ 11 ఏళ్ల బాలుడి హెర్నియాను తెరిచి, గుండుసూది వల్ల చిల్లుపడిన అపెండిక్స్‌ను తొలగించారు. విజయవంతమైన అపెండిక్స్ తొలగింపుల్లో నమోదైన మొదటిది అదే. గజ్జల హెర్నియాల్లో ఇది వందకు ఒకటి, లేదా అంతకంటే తక్కువ. సంచిలోని అపెండిక్స్ వాచి ఉండటం మొత్తం గజ్జల హెర్నియాల్లో దాదాపు వెయ్యికి ఒకటి. తొడ మొదట్లో వచ్చే ఫెమొరల్ హెర్నియాలో అపెండిక్స్ దొరికితే దాని పేరు వేరు, దారి వేరు. ఇక్కడ దాని జోలికి వెళ్లడం లేదు.

"పండుకుంటే లోపలికి పోయేది, నిన్నటి నుంచి పోతలేదు సార్" అని రోగి చెప్పగానే పేగు ఇరుక్కుందని అనుకోవడం సహజం, చాలాసార్లు అది నిజం కూడా. అయితే కుడి గజ్జల్లో వాపు గట్టిపడి, ముట్టుకుంటే ఓర్వలేనంత నొప్పి ఉండి, అదే సమయంలో కడుపు ఉబ్బకుండా, గ్యాస్ మామూలుగానే పోతూ ఉంటే అపెండిక్స్‌ను తప్పక అనుమానించాలి. ఎందుకంటే ఇరుక్కున్నది పేగు దారి కాదు, పక్కన వేలాడే మూసుకుపోయిన గొట్టం. మన వాళ్లు ఇరవై నాలుగు గంటల నొప్పి అని పిలిచే మామూలు అపెండిసైటిస్‌లో బొడ్డు చుట్టూ మొదలై కుడి పక్కకు దిగే నొప్పి ఇక్కడ స్పష్టంగా ఉండకపోవచ్చు. వాపు సంచిలోనే ఆగిపోతే కడుపు మెత్తగానే ఉంటుంది, జ్వరం రాకపోవచ్చు, తెల్ల రక్తకణాల సంఖ్య పెరగకపోవచ్చు. కాబట్టి ఇవి మామూలుగా ఉన్నాయన్న ధైర్యంతో రోగిని ఇంటికి పంపకూడదు. వృషణం మెలితిరగడం, వృషణం పైభాగంలో ఇన్ఫెక్షన్, గజ్జల్లో బిళ్ళ కట్టి చీము పట్టడం కూడా ఇలాగే కనిపిస్తాయి గనుక వృషణాలను విడిగా పరీక్షించాలి.

అల్ట్రాసౌండ్‌లో సంచి లోపల ఒక చివర మూసుకుపోయి, కదలిక లేకుండా, నొక్కినా అణగని గొట్టం కనిపించి, దాని వ్యాసం 6 మిల్లీమీటర్లు దాటితే అనుమానం బలపడుతుంది. పెద్దవారిలో సీటీ స్కాన్ మరింత నమ్మదగినది. అపెండిక్స్ సీకం (పెద్దపేగు మొదటి భాగం) నుంచి బయలుదేరి గజ్జల నాళంలోకి దిగడాన్ని చూడమని రేడియాలజిస్టును ప్రత్యేకంగా అడగండి. అడగకపోతే రిపోర్టులో "ఇరుక్కున్న హెర్నియా" అన్న మాటతో సరిపెట్టే అవకాశం ఉంది. పిల్లల్లో రేడియేషన్ తప్పించడానికి ముందు అల్ట్రాసౌండే చేయాలి. ఎడమ వైపు ఇది చాలా అరుదు. అక్కడ కనిపిస్తే అవయవాలు తారుమారుగా ఉన్నాయేమో, పేగు సరిగా తిరగలేదేమో, సీకం వదులుగా ఉందేమో చూడాలి.

ఇంత చేసినా ఎక్కువ కేసులు ఆపరేషన్ బల్లమీదనే బయటపడతాయి. అందువల్ల అత్యవసరంగా హెర్నియా తెరిచే ప్రతిసారీ అపెండిక్స్ తొలగింపునకూ, అవసరమైతే కడుపు తెరవడానికీ ముందే సమ్మతి తీసుకోవడం మంచిది. చర్మం ఎర్రబడి ఉంటే వాపును బలవంతంగా లోపలికి నెట్టవద్దు. వాచిన అపెండిక్స్ కడుపులోకి జారితే ఇన్ఫెక్షన్ అక్కడంతా పాకుతుంది. నోటిద్వారా ఏమీ ఇవ్వకుండా సెలైన్, నొప్పి మందు, గ్రామ్ నెగెటివ్, అనెరోబిక్ బాక్టీరియాలపై పనిచేసే యాంటీబయాటిక్‌లు మొదలుపెట్టాలి.

సంచిని జాగ్రత్తగా తెరవాలి, అపెండిక్స్ దాని గోడకు అతుక్కుని ఉండవచ్చు. ఇక్కడ నా అభిప్రాయం ఒక్కటే: అపెండిక్స్‌ను చూడకముందు మెష్ (హెర్నియా చోటును బలపరిచే కృత్రిమ వల) ప్యాకెట్ విప్పవద్దు. అపెండిక్స్ మామూలుగా ఉంటే పెద్దవారిలో దానిని లోపలికి పంపి మెష్ వేయవచ్చు. పిల్లల్లో మెష్ అవసరం లేదు, సంచిని దాని మెడ (సన్నని మొదలు) దగ్గర కట్టివేస్తే చాలు. ఆరోగ్యంగా ఉన్న అపెండిక్స్‌ను తీయాలా అన్నదానిపై సర్జన్లలో ఏకాభిప్రాయం లేదు. యువకుల్లో తీయాలనేవారు భవిష్యత్తులో రాగల అపెండిసైటిస్‌ను చూపుతారు. వద్దనేవారు శుభ్రమైన ఆపరేషన్‌ను చేజేతులా కలుషితం చేస్తున్నామంటారు. నడివయసు దాటినవారిలో నేను రెండోవారి పక్షం. ఎడమ వైపు దొరికితే మాత్రం, రేపు నొప్పి వచ్చినప్పుడు ఎవరికీ అంతుచిక్కదు కాబట్టి, తీసివేయడమే మేలు.

అపెండిక్స్ వాచి ఉండి, ఇన్ఫెక్షన్ సంచికే పరిమితమైతే అదే కోత ద్వారా దానిని తొలగించి, మెష్ లేకుండా బస్సీనీ లేదా షోల్డైస్ పద్ధతిలో సొంత కణజాలంతోనే కుట్టాలి. హెర్నియా మళ్లీ వచ్చే అవకాశం మెష్ కంటే ఎక్కువే, కానీ చీము పట్టిన మెష్‌ను తీయడం కంటే అది చిన్న సమస్య. అపెండిక్స్ మొదలు చేతికి అందకపోతే లాగవద్దు. సంచి మెడను కాస్త వెడల్పు చేయాలి, లేదా లాపరోస్కోపీకి మారాలి. చీము కడుపులోకి చేరితే మధ్య కోతతో లోపలి నుంచి చికిత్స చేయాలి. అక్కడా మెష్ కూడదు. సీకంలో గడ్డ వంటి వేరే జబ్బు బయటపడితే దాని ప్రకారం నిర్ణయం మారుతుంది. అమ్యాండ్ హెర్నియాకు లోసనాఫ్, బాసన్ అనే సర్జన్లు చేసిన నాలుగు రకాల వర్గీకరణ ఈ తర్కాన్నే అనుసరిస్తుంది. తీసిన అపెండిక్స్‌ను తప్పకుండా బయాప్సీకి పంపాలి, అప్పుడప్పుడు అందులో కణితి బయటపడుతుంది.

డిశ్చార్జ్ కాగితంలో అపెండిక్స్ తీశారా, లోపలే ఉంచారా అన్నది స్పష్టంగా రాసి, రోగికి తెలుగులోనో ఉర్దూలోనో చెప్పి పంపండి. గజ్జల్లో కోత మచ్చ చూసి అపెండిక్స్ సంగతి ఎవరూ ఊహించలేరు. ఈ నగరంలో రోగి రెండోసారి నొప్పి వచ్చినప్పుడు అదే ఆసుపత్రికి వస్తాడన్న నమ్మకం లేదు.