సిరోసిస్ రోగికి మగత, తికమక రాకుండా ఇంట్లో చూసుకోవడం ఎలా

లివర్ గట్టిపడే సిరోసిస్ జబ్బు ఉన్న మనిషి రాత్రంతా మేలుకుని పగలంతా తూగుతుంటే, ఇంట్లోవాళ్లు నిద్ర చాలడం లేదనుకుంటారు. ఎవరో ఒకరు మందుల షాపు నుంచి నిద్రమాత్ర తెచ్చి వేస్తారు. తెల్లారాక పిలిచినా పలకడు. నిద్ర తారుమారవడమే జబ్బు మెదడు దాకా వెళ్లిందనడానికి తొలి గుర్తు అని ముందే తెలిసుంటే ఆ మాత్ర వేసేవాళ్లు కాదు.

డాక్టర్లు దీన్ని హెపాటిక్ ఎన్‌సెఫలోపతి అంటారు. తిన్న మాంసకృత్తుల నుంచీ, కడుపులో కారిన రక్తం నుంచీ పేగుల్లోని బ్యాక్టీరియా అమ్మోనియా తయారుచేస్తుంది. బాగున్న లివర్ దాన్ని యూరియాగా మార్చి మూత్రంలోకి పంపేస్తుంది. సిరోసిస్‌లో లివర్ గట్టిపడి ఆ పని తగ్గిపోతుంది. పైగా పేగుల నుంచి వచ్చే రక్తం లివర్‌లోకి దూరలేక పక్కదారులు పట్టి నేరుగా ఒంట్లో కలుస్తుంది. ఆ అమ్మోనియా మెదడుకు చేరితే మాట తడబడటం, చిరాకు, తేదీ మర్చిపోవడం, చివరకు స్పృహ తప్పడం దాకా వస్తుంది. చాలామంది దీని నుంచి కోలుకుంటారు. కానీ జాగ్రత్త పడకపోతే మళ్లీ వస్తుంది.

లాక్టులోజ్: లెక్క చెంచాల్లో కాదు, విరేచనాల్లో

దీనికి ఇచ్చే ప్రధాన మందు లాక్టులోజ్ అనే సిరప్. డిశ్చార్జ్ కాగితంలో "లాక్టులోజ్ 30 మి.లీ. రోజుకు మూడుసార్లు" అని రాసుంటుంది. అది మొదలుపెట్టడానికి ఇచ్చే డోసు మాత్రమే. అసలు లక్ష్యం రోజుకు రెండు మూడు మెత్తటి విరేచనాలు. ఒకరికి అది 15 మి.లీ. రెండుసార్లతోనే వస్తుంది, మరొకరికి 30 మి.లీ. నాలుగుసార్లు కావాలి. అందుకే డిశ్చార్జ్ అయ్యేటప్పుడే డాక్టర్ని సూటిగా అడగండి: మోషన్ రెండుకన్నా తగ్గితే ఎంత పెంచాలి, నాలుగు దాటితే ఎంత తగ్గించాలి? ఆ జవాబు కాగితం మీద రాయించుకోండి.

ఈ సిరప్ ఒక రకం చక్కెర. చిన్నపేగులో అరగదు, రక్తంలోకి దాదాపు వెళ్లదు. పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి అక్కడ ఆమ్లాన్ని పెంచుతుంది. ఆ ఆమ్లంలో అమ్మోనియా మళ్లీ రక్తంలోకి పోలేని రూపానికి మారి, మలంతో బయటికి పోతుంది. పులియడం వల్లే గ్యాసు, పొట్ట ఉబ్బరం వస్తాయి. ఉబ్బరం మరీ ఎక్కువైతే డోసును చిన్నచిన్నగా విడగొట్టి ఇవ్వండి. తీపి వెగటు పుడితే నీళ్లలోగానీ పల్చటి మజ్జిగలోగానీ కలిపి తాగించవచ్చు. షుగర్ ఉన్నవారికీ ఇస్తారు. సీసాలో కొద్దిగా గాలాక్టోజ్, లాక్టోజ్ కూడా ఉంటాయి కాబట్టి షుగర్ ఉన్న సంగతి డాక్టర్‌కు ఒకసారి గుర్తుచేస్తే చాలు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు నాలుగు.

మొదటిది కొలత. వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు. సీసాతో వచ్చే గీతల మూతతోనే కొలవండి.

రెండోది "మోషన్ అయింది కదా, ఇక చాలు" అని ఆపేయడం. ఇది మామూలు మలబద్ధకం మందు కాదు, మెదడును కాపాడే మందు. మోషన్ బాగున్నా సాగాల్సిందే.

మూడోది దీనికి తలకిందులు. మోషన్లు నీళ్లలా ఆరేడుసార్లు అవుతున్నా అదే డోసు పోస్తూ ఉంటారు. ఒంట్లో నీరు, పొటాషియం పడిపోయి, సోడియం లెక్క తప్పి అసలు మగతే తిరిగొస్తుంది. అప్పుడు "మందు చాలలేదు" అనుకుని ఇంకా పెంచుతారు! నీళ్ల విరేచనాలు నాలుగు దాటితే ముందే చెప్పించుకున్నంత తగ్గించి, ఆరోజే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

నాలుగోది సీసా అయిపోవడం. 30 మి.లీ. మూడుసార్లంటే రోజుకు 90 మి.లీ. అంటే 200 మి.లీ. సీసా రెండున్నర రోజులు కూడా రాదు. నెలకు 13, 14 సీసాలు పడతాయి. ఆసుపత్రి నుంచి ఒకే సీసాతో ఇంటికొచ్చి, అది అయ్యాక ఆగిపోయి, పది రోజుల్లో మళ్లీ వార్డులో చేరే కథ చాలా ఇళ్లలో ఒకటే.

క్రమం తప్పకుండా తాగితే ఎంత తేడా ఉంటుందో ఢిల్లీ జి.బి. పంత్ ఆసుపత్రిలో చేసిన అధ్యయనం చూపించింది. అది 2009లో అచ్చయింది. ఒకసారి ఈ మగత వచ్చి కోలుకున్నవారిలో లాక్టులోజ్ తీసుకున్న 61 మందిలో 12 మందికే మళ్లీ వచ్చింది. తీసుకోని 64 మందిలో 30 మందికి వచ్చింది. లాక్టులోజ్ తాగుతున్నా మళ్లీ వస్తే డాక్టర్లు పేగుల్లోని బ్యాక్టీరియా మీద పనిచేసే రిఫాక్సిమిన్ మాత్ర 550 మి.గ్రా. రోజుకు రెండుసార్లు జతచేస్తారు. 2010లో వెలువడిన 299 మంది అధ్యయనంలో, ఆరు నెలల్లో మగత తిరగబెట్టినవారు రిఫాక్సిమిన్ గుంపులో 22 శాతం, మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చిన గుంపులో 46 శాతం. ఇక్కడ ఒక సంగతి చాలామంది దృష్టి దాటిపోతుంది. ఆ రెండు గుంపుల్లోనూ నూటికి 90 మందికి పైగా లాక్టులోజ్ కూడా తాగుతూనే ఉన్నారు. మాత్ర మొదలయింది కదా అని సిరప్ మానేయమని ఆ అధ్యయనం చెప్పలేదు. రిఫాక్సిమిన్ ఖరీదైనదే. డబ్బు చాలక రెండిట్లో ఒకటి ఆపాల్సి వస్తే డాక్టర్ని అడగకుండా మీకు మీరు నిర్ణయించుకోకండి.

పొద్దున్నే ఐదు నిమిషాల పరీక్ష

ఒక నోటుబుక్ పెట్టండి. రోజూ ఒకే వేళకు, వీలైతే ఒకే మనిషి చూడాలి.

ఈరోజు ఏ వారం, ఏ తేదీ అని అడగండి. తర్వాత పేజీలో సంతకం పెట్టించండి. కిందటి వారం సంతకం పక్కన పెట్టి చూస్తే అక్షరాలు వంకరపోవడం, పెద్దవవడం, గీత దాటిపోవడం ఇట్టే తెలుస్తాయి. సంతకం రాని వాళ్లతో అయిదు మూలల నక్షత్రం గీయించండి.

చేతులు రెండూ ముందుకు చాపి, ఎవరినో ఆగమన్నట్టు మణికట్లు పైకి వంచి, వేళ్లు విడదీసి అర నిమిషం ఉంచమనండి. చేతులు పక్షి రెక్కల్లా ఒక్కసారి కిందికి జారి మళ్లీ లేస్తుంటే అది మామూలు వణుకు కాదు, ఈ జబ్బు గుర్తు.

తర్వాత ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో లెక్కపెట్టండి. ఇటలీ డాక్టర్లు పరీక్షించి చూసిన పద్ధతి ఇది, ఏ సామానూ అక్కర్లేదు. 15 దాటితే సాధారణంగా నిశ్చింత, పదికన్నా తగ్గితే అనుమానించాలి. వయసు, చదువు బట్టి సంఖ్య మారుతుంది కాబట్టి అదే మనిషి బాగున్న రోజున చెప్పినదానితో పోల్చడం మేలు. 14 చెప్పే పెద్దాయన ఇవాళ 8 దగ్గర ఆగిపోతే, ఆవు మూడుసార్లు చెబితే, పలకరిస్తే బాగానే మాట్లాడుతున్నా ఏదో జరుగుతోందని అర్థం.

చివరగా మోషన్లు ఎన్ని, రంగేమిటి, బరువెంత అనేది రాయండి. బరువు పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కు ముందు చూడాలి. పొట్టలో నీటికి మాత్రలు వాడేవారిలో, కాళ్లవాపు లేకపోతే రోజుకు అరకిలో, వాపు ఉంటే కిలో మించి బరువు తగ్గకూడదు. అంతకన్నా వేగంగా తగ్గితే మాత్ర డోసు ఎక్కువైందన్నమాట, కిడ్నీలు దెబ్బతింటాయి, మగత కూడా వస్తుంది.

మగత ఊరికే రాదు, కారణం వెతకాలి

దాదాపు ప్రతిసారీ వెనక ఏదో ఒకటి ఉంటుంది. రెండు రోజులు మోషన్ కాకపోవడం. పొట్టనీటికోగానీ మూత్రానికోగానీ ఊపిరితిత్తులకోగానీ ఇన్ఫెక్షన్. అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు చిట్లి లోపల రక్తం కారడం, ఇది తారులా నల్లటి, జిగట, కంపు కొట్టే మలంగా కనిపిస్తుంది. ఐరన్ మాత్రలు వాడినా మలం నల్లబడుతుంది, కానీ జిగట, ఆ కంపు ఉండవు. వాంతులు, విరేచనాలతో నీరు పోవడం. ఇక మద్యం సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కల్లు గురించి మాత్రం చెప్పాలి. "కల్లు మందు కాదుగా" అనుకునే ఇళ్లు తెలంగాణలో ఇప్పటికీ ఉన్నాయి. అందులో ఆల్కహాల్ ఎటూ ఉంటుంది. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయజిపాం లాంటి మత్తుమందులు కలిపి పట్టుబడిన కేసులు ఎన్నో. సిరోసిస్ ఉన్న మెదడుకు అవి నిద్రమాత్రల కింద లెక్కే.

మందుల్లోనూ జాగ్రత్త. నిద్రమాత్రలు, ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు మగత తెస్తాయి. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ కూడా అంతే. లివర్ రోగులకు ఒళ్లంతా దురద మామూలే. దాన్ని అలర్జీ అనుకుని అలర్జీ మాత్రలు వేస్తుంటారు. ఈ దురద పైత్యరసం సరిగా బయటికి పోకపోవడం వల్ల వచ్చేది, ఆ మాత్రలకు పెద్దగా లొంగదు. మగత మాత్రం మిగులుతుంది. దురదకు వేరే మందులున్నాయి, డాక్టర్‌కు చెప్పండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కిడ్నీలను దెబ్బతీసి కడుపులో రక్తస్రావం తెస్తాయి, వాటి జోలికే పోవద్దు. జ్వరానికి, నొప్పికి పారాసెటమాల్ మేలు, కానీ రోజుకు 2 గ్రాములు మించకూడదు. అంటే 500 మి.గ్రా. మాత్రలు నాలుగు, జలుబు మాత్రలో కలిసి ఉన్నదాన్ని కూడా లెక్కేసుకుని.

తిండి

"పప్పు, గుడ్డు ఆపేయండి" అనే సలహా ఇంకా వినిపిస్తూనే ఉంది. మాంసకృత్తులు తగ్గిస్తే అమ్మోనియా తగ్గుతుందని ఒకప్పుడు డాక్టర్లే అనుకునేవారు. 2004లో బార్సిలోనా డాక్టర్లు, మగత వచ్చినవారిలో కొందరికి మామూలు ప్రొటీన్ ఆహారం, కొందరికి తక్కువది ఇచ్చి చూశారు. తగ్గించినందువల్ల ఏ లాభమూ లేదు, కండ మాత్రం ఎక్కువ కరిగింది. అమ్మోనియాను లివర్ వదిలేసినప్పుడు కొంత భారం మోసేది కండే. కండ కరిగితే మగత ఇంకా తేలిగ్గా వస్తుంది.

అందుకే ఇప్పుడు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ పెట్టమంటున్నారు. నీరు, వాపు తీసేసి 60 కిలోలున్న మనిషికి రోజుకు 72 నుంచి 90 గ్రాములు. గుడ్డు 6 గ్రాములు, గ్లాసు పాలు 6, గుప్పెడు పప్పు వండితే 7, గుప్పెడు పల్లీలు 7, వందగ్రాముల చికెన్ 20 దాకా. ఒకే పూట కుక్కకుండా రోజంతా పంచండి. మాంసం కన్నా పప్పులు, పాలు, పెరుగు మెరుగ్గా పడతాయి.

రాత్రి పడుకునే ముందు తప్పనిసరిగా ఒక చిరుతిండి పెట్టండి: రెండు ఇడ్లీలు, పాలు, లేదా రాగిజావ, అరటిపండు. సిరోసిస్ లివర్‌లో చక్కెర నిల్వ తక్కువ. రాత్రి పన్నెండు గంటల పాటు ఖాళీ కడుపు అంటే ఒళ్లు కండనే తినడం మొదలుపెడుతుంది. ఉన్న సలహాల్లో దీనికన్నా చవకైనది లేదు, ఎక్కువమంది వదిలేసేది కూడా ఇదే.

పొట్టలో నీరుంటే ఉప్పు రోజంతా కలిపి ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు. కూరలో తగ్గించి పక్కన ఆవకాయ, అప్పడం, ఎండుచేప పెడితే లెక్క తప్పినట్టే. "లో సోడియం" ఉప్పు మాత్రం వద్దు. అందులో పొటాషియం ఉంటుంది. పొట్టలో నీటికి వాడే స్పైరోనోలాక్టోన్ మాత్ర కూడా పొటాషియం పెంచేదే, రెండూ కలిస్తే గుండె లయ తప్పుతుంది.

ఆసుపత్రికి పరుగెత్తాల్సినప్పుడు

పిలిస్తే సరిగ్గా పలకకపోవడం, మాట అర్థం కాకపోవడం, నల్లటి మలం, రక్తపు వాంతి, జ్వరం, కడుపునొప్పి, మూత్రం బాగా తగ్గడం కనిపిస్తే వెంటనే కదలండి. "లాక్టులోజ్ ఎక్కువ పోసి రేపటిదాకా చూద్దాం" అనొద్దు. మగతలో ఉన్నవారి నోట్లో సిరప్, నీళ్లు, జావ ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎడమ వైపు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఇన్సులిన్ వాడుతుంటే గ్లూకోమీటర్‌తో చక్కెర చూడండి. చక్కెర పడిపోయినా ఇలాగే ఉంటుంది. ఈమధ్య కిందపడ్డారా అనేది గుర్తుచేసుకోండి. వీరికి రక్తం గడ్డకట్టే గుణం తక్కువ, తలలో రక్తం చేరినా చూడటానికి ఇదే లక్షణం.

నోటుబుక్, మందులన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. చివరి మోషన్ ఎప్పుడైంది, ఏ కొత్త మందు వేశారు అనేవి డాక్టర్‌కు ముందే చెప్పండి. పొట్టలో నీరుంటే దాన్ని కొద్దిగా తీసి పరీక్షకు పంపుతారు, అందులో న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు ఘన మిల్లీమీటరుకు 250, అంతకు పైన ఉంటే ఇన్ఫెక్షన్ కింద తీసుకుని యాంటీబయాటిక్ మొదలుపెడతారు. రక్తంలో అమ్మోనియా పరీక్ష చేస్తే, రక్తం తీసిన గొట్టం మంచులో పెట్టి వెంటనే ల్యాబుకు చేరాలి, లేదంటే అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకె ఒక్కటే చూసి జబ్బు తగ్గిందనీ పెరిగిందనీ అనుకోకండి. తాగలేనివారికి లాక్టులోజ్‌ను ఎనిమాగా, 300 మి.లీ. సిరప్‌ను 700 మి.లీ. నీటితో కలిపి ఆసుపత్రిలోనే ఇస్తారు.

ఒకసారి ఈ మగత వచ్చిందంటే లివర్ మార్పిడి గురించి అడగాల్సిన సమయమే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ జీవన్‌దాన్ పేరిట మరణించినవారి అవయవాల కేటాయింపు జరుగుతుంది. పేరు నమోదు నేరుగా కాదు, మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారా జరగాలి. దానికి ముందు పరీక్షలకే వారాలు పడుతుంది, మనిషి నిలకడగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. అప్పటిదాకా బండి, ట్రాక్టర్ నడపనివ్వకండి. మాట బాగున్నా చేతి వేగం, చూపు పట్టు అంత త్వరగా తిరిగిరావు.