మా అత్త కందులు, నా నోట్‌బుక్కు

మా అత్త విత్తనం కందులల్ల బూడిద, యాపాకు కలిపి, ఎర్రమట్టి పూసిన బుట్టల దాచేది. నేనూ అట్లనే దాస్తున్న. నేను కొత్తగ చేర్చింది ఒక నోట్‌బుక్కే. పోయినేడు ఒకాయన కారుల వచ్చి, మంచి గింజమ్మా అని రెండు కిలోలు పట్టుకపోయిండు. ఎవరో, ఎందుకో అడగలే. పైగా చాయ్ పోసి పంపిన!

విత్తనం ఏరుడు పూతకాడ్నే మొదలుపెట్టాలె. కంది పూత మీద తేనెటీగలు వాలుతయి, పక్క చేను పుప్పొడి మన పూతకు అంటిస్తయి. అందుకే గట్టెంబడి చెట్లు పప్పుకు, నడిచేన్ల చెట్లే విత్తనానికి. తెగులు లేనియి, కాయ నిండుగ పట్టినయి చూసి గుడ్డపేలిక కట్టాలె. కాయ చెట్టు మీదనే ఎండినంక విడిగ కొట్టుకోవాలె. విత్తేముందు 100 గింజలు తడిబట్టల చుట్టి చూస్త. 75 కన్న తక్కువ మొలిస్తే ఆ గింజ కుండలకే.

ఇగ ఆ నోట్‌బుక్కు సంగతి. ఎవరికి, ఎన్ని గింజలు, ఏ తారీఖున, ఎందుకు ఇచ్చిన్నో రాసి సంతకం పెట్టించుకుంట. చుట్టాలకు సుత ఇదే రూలు. మా ఆడబిడ్డ నవ్వింది, నవ్వనీ.

2001ల వచ్చిన మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టంల 39వ సెక్షన్ గుర్తుపెట్టుకోవాలె. కంపెనీ రిజిస్టర్ చేసుకున్న రకమైనా రైతు దాచుకోవచ్చు, మళ్ల విత్తొచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్మొచ్చు. ఆ రకం పేరు అచ్చేసిన సంచిల నింపి మాత్రం అమ్మరాదు. 2019ల తన రిజిస్టర్ రకం పండించిండ్రని గుజరాత్ ఆలుగడ్డ రైతుల మీద చిప్సు కంపెనీ పెప్సీకో కోటి రూపాయల పైన దావా వేస్తే, రైతుల పక్క నిలబడ్డోళ్లు ఈ సెక్షనే చూపెట్టిండ్రు. గొడవ పెద్దదై కంపెనీ కేసులు వాపసు తీసుకుంది. కొన్న విత్తనం చెప్పినంత పండకపోతే పరిహారం అడిగే దారి కూడ ఈ చట్టంలనే ఉన్నది, అందుకే సంచి, బిల్లు పారేయద్దు.

మన రకాన్ని మన పేరు మీద రిజిస్టర్ చేయించుకోవచ్చు, రైతుకు ఫీజు లేదు. దరఖాస్తు మీద ఊరి జీవవైవిధ్య కమిటీ (ఊర్ల మొక్కలు, జీవాల రకాలను కాపాడే పంచాయతి కమిటీ) చైర్మన్‌దో, జిల్లా వ్యవసాయ అధికారిదో సంతకం కావాలె. మా ఊర్ల కమిటీ ఉన్నదా అంటే పంచాయతిల ఎవ్వరికీ తెల్వది. రెండుసార్లు తిరిగిన. సోమవారం నోట్‌బుక్కు పట్టుకొని మళ్ల పోతున్న.