లైనక్స్‌లో ఆప్ట్, స్నాప్, ఫ్లాట్‌ప్యాక్: దేన్ని ఎప్పుడు వాడాలి

సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనుక్కుని, అమీర్‌పేట హాస్టల్ వైఫైతో ఉబుంటు ఎక్కించుకునే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: ఒకే సాఫ్ట్‌వేర్ మూడు చోట్ల దొరుకుతోంది, ఎక్కడి నుంచి తీసుకోవాలి?

ముందు మీ డిస్ట్రోతో (ఉబుంటు, ఫెడోరా లాంటి లైనక్స్ రకంతో) వచ్చిన ప్యాకేజీ మేనేజర్‌నే, అంటే సాఫ్ట్‌వేర్ ఎక్కించే పనిముట్టునే వాడండి. ఉబుంటు, డెబియన్, మింట్ అయితే ఆప్ట్, ఫెడోరా అయితే డీఎన్‌ఎఫ్, ఆర్చ్ అయితే ప్యాక్‌మ్యాన్. లైబ్రరీలు (ప్రోగ్రాములు వాడుకునే రెడీమేడ్ కోడ్) అన్ని ప్రోగ్రాములకూ ఉమ్మడిగా ఉంటాయి కాబట్టి డిస్క్ తక్కువ పడుతుంది, సెక్యూరిటీ ప్యాచ్ వస్తే ఒక్క అప్‌డేట్‌తో అన్నింటికీ అందుతుంది. తెలుగు ఫాంట్లు కూడా అందులోనే ఉన్నాయి, ఆప్ట్‌లో అయితే 'ఫాంట్స్-తెలు' అనే ప్యాకేజీ ఎక్కించుకుంటే చాలు.

ఉబుంటులో ఒక మెలిక ఉంది. 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్‌ను ఆప్ట్‌తో అడిగినా వచ్చేది స్నాపే, అంటే కావాల్సిన లైబ్రరీలను తనతోనే తెచ్చుకునే ఉబుంటు వాళ్ల ప్యాకేజీ. ఎక్కించే ముందు 'ఆప్ట్ పాలసీ ఫైర్‌ఫాక్స్' కొట్టి చూడండి, వెర్షన్ నంబర్ మధ్యలో 'స్నాప్' అని కనిపిస్తే సంగతి అర్థమైపోతుంది. పాత మెషీన్లలో స్నాప్ యాప్ మొదటిసారి తెరుచుకోవడానికి టైమ్ తీసుకుంటుంది, అది వద్దనుకుంటే మింట్ చూడండి, వాళ్లు 20వ వెర్షన్ నుంచే స్నాప్‌ను డిఫాల్ట్‌గా ఆపేశారు.

మరి ఏ డిస్ట్రోలోనైనా నడిచేలా తయారుచేసిన ఫ్లాట్‌ప్యాక్ ఎప్పుడు? డెబియన్ స్టేబుల్‌లో ఉన్న జింప్ (ఫొటో ఎడిటర్), ఓబీఎస్ (స్క్రీన్ రికార్డర్) పాతబడిపోయి కొత్త ఫీచర్ మీకు నిజంగా కావాల్సి వచ్చినప్పుడు. మొదటి యాప్‌తో పాటు రన్‌టైమ్ (యాప్ నడవడానికి కావాల్సిన లైబ్రరీల కట్ట) కూడా దిగుతుంది, అది వందల ఎంబీలు ఉంటుంది కాబట్టి మొబైల్ హాట్‌స్పాట్ మీద మొదలుపెట్టొద్దు. అదే రన్‌టైమ్ వాడే రెండో యాప్‌కి అంత డేటా పట్టదు.

డెబ్ ఫైల్ (డెబియన్, ఉబుంటుల ప్యాకేజీ ఫైల్) విడిగా డౌన్‌లోడ్ చేసుంటే డీపీకేజీ కమాండ్‌తో కాకుండా 'ఆప్ట్ ఇన్‌స్టాల్' తర్వాత చుక్క, స్లాష్, ఫైల్ పేరు ఇవ్వండి, దానికి కావాల్సిన మిగతా ప్యాకేజీలను కూడా అదే తెచ్చుకుంటుంది.

కోర్సుల్లో చేరినవాళ్లకి మరీ మరీ చెప్పేది: 'సుడో పిప్' జోలికి, అంటే అడ్మిన్ హక్కులతో పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే జోలికి వెళ్లొద్దు. సిస్టమ్‌లోని చాలా పనిముట్లు పైథాన్ మీదే నడుస్తాయి, దాన్ని కదిపితే అవి ఆగిపోవచ్చు. అందుకే డెబియన్ 12 నుంచి పిప్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. నెట్‌లో దొరికిన ఆప్షన్ తగిలించి ఆ ఎర్రర్‌ను దాటేయకండి, ప్రాజెక్టుకో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టు ప్యాకేజీలకు విడి ఫోల్డర్) పెట్టుకోండి.

డిస్క్ నిండిపోతుంటే, ఇక అవసరం లేని ప్యాకేజీలను తీసేసే 'ఆప్ట్ ఆటోరిమూవ్' కొట్టండి, కానీ ఏమేం తీసేస్తానంటోందో ఆ జాబితా చదివాకే ఎస్ అనండి.