కల్లు మాన్పించే కార్యక్రమాన్ని పరిశీలించడానికి ఊళ్లోకి వెళ్లే ముందు

తెలంగాణ పల్లెల్లో యాభై దాటిన ఆడవాళ్లకు కల్తీ కల్లు మాన్పించి, పని చూపించే కార్యక్రమం ఎలా నడుస్తోందో చూడబోతున్నారా? ముందు ఇవి గుర్తుపెట్టుకోండి.

• కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పొచ్చు. 2015లో నిజామాబాద్ జిల్లాలో కల్తీ కల్లు దొరక్క ఎందరో ఇలాగే ఆస్పత్రి పాలయ్యారు. కాబట్టి "ఎంతమంది మానేశారు?" కన్నా ముందు "మానేటప్పుడు డాక్టర్ చూశారా?" అని అడగండి. దీనికి జవాబు లేకపోతే, మిగతా లెక్కలు ఎంత బాగున్నా నేను ఆ కార్యక్రమాన్ని మెచ్చుకోను.

• కోడలి ముందు, సంఘం మీటింగులో కల్లు మాట ఎత్తొద్దు. పక్కకు పిలిచి "పెద్దమ్మా, కాసేపు మాట్లాడొచ్చా?" అనండి. వద్దంటే వదిలేయండి.

• పని దొరికిందంటే ఏ పని, కూలి ఎంత, మూణ్నెల్ల తర్వాత కూడా వెళ్తోందా? మోకాళ్ల నొప్పులున్న మనిషికి కుట్టుమిషన్ నేర్పి సర్టిఫికెట్ ఇచ్చేస్తే పని ఇచ్చినట్టు కాదు.

• మధ్యలో ఆగిపోయినవాళ్లనూ కలవండి. అసలు సంగతులు చెప్పేది వాళ్లే.

• ఎవరైనా వణుకుతూ, తికమకగా మాట్లాడుతుంటే ఫారాలు పక్కనపెట్టి 108కి ఫోన్ చేయండి. వ్యసనం మాన్పించే సలహాకు 14446.