అమ్మ కాలి పుండుకు హైలురోనిక్ క్రీముతో కట్టు కట్టే పద్ధతి

మోకాలి కింద దెబ్బ తగిలి అమ్మకు పుండు పడింది. ఎంతకీ మానకపోతే డాక్టరు 0.2 శాతం హైలురోనిక్ యాసిడ్ క్రీము రాసిచ్చారు. రోజూ కట్టు మార్చే పని నాది. మొదటి రోజు అంటుకుపోయిన గాజుగుడ్డను అలాగే లాగేశాను. అడుగున పుడుతున్న లేత చర్మం దాంతోపాటే లేచి రక్తం కారింది. అమ్మ పళ్ళు బిగబట్టి ఊరుకుంది. మీరు ఆ తప్పు చేయకండి.

చేతులు సబ్బుతో కడుక్కుని, పాత కట్టు మీద స్టెరైల్ (క్రిములు లేకుండా శుద్ధి చేసిన) సెలైన్ పోసి కాసేపు ఆగండి. నానితే గుడ్డ దానంతటదే వదులుతుంది. పుండునూ సెలైన్‌తోనే కడగండి. బెంజాల్కోనియం క్లోరైడ్ ఉన్న యాంటీసెప్టిక్ మాత్రం వాడొద్దు, అది తగిలితే హైలురోనిక్ యాసిడ్ పాలు విరిగినట్టు విరిగిపోతుంది. సీసా మీద పేర్లు చదవండి. చుట్టూ ఉన్న చర్మాన్ని తడి పోయేలా అద్ది, పుండంతా కప్పేలా క్రీము పలచగా పరిచి, పైన స్టెరైల్ గాజుగుడ్డ వేసి, బిగించకుండా కట్టండి. మాకు రోజుకొకసారి మార్చమన్నారు.

గాలి తగిలి పక్కు కడితేనే మానుతుందని అమ్మ పట్టుబట్టేది. నిజానికి తడిగా ఉంటేనే కొత్త చర్మ కణాలు అంచుల నుంచి మధ్యకు తేలిగ్గా పాకుతాయి. కప్పి ఉంచిన గాయాల మీద చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంటుందని 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చూపించారు. హైలురోనిక్ యాసిడ్ నీటిని పట్టి ఉంచుతుంది. మన ఒంట్లోనూ ఇది సుమారు 15 గ్రాములు ఉంటుంది, అందులో సగం దాకా చర్మంలోనే. ఇదంతా చెప్పాకే అమ్మ కట్టు ఉంచుకుంది.

ముఖానికి రాసుకునే సీరంలో కూడా ఇదే ఉంది కదా అని పుండు మీద వేయకండి. అది తెరిచిన గాయం కోసం చేసింది కాదు, అందులో సువాసనలూ ఉండొచ్చు.

క్రీముతో కాని పనులున్నాయి. నల్లబడి చచ్చిన చర్మాన్ని డాక్టరే తీయాలి. షుగరు ఉన్నవాళ్ళకు అరికాలి పుండైతే దాని మీద బరువు పడకుండా చూడకపోతే ఏ మందూ పనిచేయదు. ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

వారానికోసారి పక్కన స్కేలు పెట్టి పుండును ఫొటో తీయండి. రోజూ చూసే కళ్ళకు తేడా తెలియదు. ఆ ఫొటోలు చూసే డాక్టరు మాకు క్రీము కొనసాగించమన్నారు.