ఆటల ఇంగ్లిషు – 7వ పాఠం: బై

గత పాఠంలో చూసిన వాకోవర్‌తో చాలామంది కలిపేసే మాట ఇది. వాకోవర్‌లో ప్రత్యర్థి ఉంటాడు, ఆడడానికి రాడు. బైలో ప్రత్యర్థే ఉండడు; డ్రా కాగితంలో (ఎవరితో ఎవరు ఆడాలో రాసిన పట్టికలో) ఎదుటి గడి ఖాళీ. కాబట్టి "బైతో గెలిచారు" అని రాయకండి. "బైతో రెండో రౌండ్‌కి వెళ్లారు" అనండి. ఇంగ్లిషులో దీనికి గెట్, రిసీవ్, హ్యావ్ అనే క్రియలు కుదురుతాయి: "షి గాట్ ఎ ఫస్ట్ రౌండ్ బై". "వన్ బై ఫైవ్ వికెట్స్"లో ఉన్న బై వేరు, దానర్థం 'తేడాతో'. మన లిపిలో రెండూ ఒకేలా కనబడడంతోనే వస్తుంది తంటా. (గుడ్‌బైలోది మూడోది, "గాడ్ బి విత్ యి" అరిగి అరిగి అలా మిగిలింది.)

నాకౌట్ డ్రా సాఫీగా సాగాలంటే జట్లు 4, 8, 16, 32 ఇలా ఉండాలి. లేకపోతే, జట్ల సంఖ్యకు వెంటనే పైనున్న అలాంటి అంకెలోంచి జట్ల సంఖ్య తీసేయండి. మిగిలినన్ని బైలు. కబడ్డీ పోటీకి 11 జట్లొచ్చాయనుకుందాం: 16–11=5. పై సగంలో 1 నుంచి 6, కింది సగంలో 7 నుంచి 11. బైలు పైన రెండు, కింద మూడు. ఇచ్చే వరుస: ముందు 11కి, తర్వాత 1కి, 7కి, 6కి, చివరగా 10కి. ఇక 2–3, 4–5, 8–9 ఆడతాయి. ముగ్గురు విజేతలు, ఐదు బైలు కలిపి ఎనిమిది.

ఈ లెక్క వేయకుండా చీటీలు తీసి జతలు కట్టేస్తే ఏమవుతుంది? 11 జట్లు 6 అవుతాయి, 6 మూడవుతాయి. అప్పుడొక జట్టు సెమీఫైనల్ ఆడకుండానే ఫైనల్లో కూర్చుంటుంది. గొడవ అక్కడే మొదలు. బైలన్నీ మొదటి రౌండ్‌లోనే అయిపోవాలి. ఇండియన్ వెల్స్ టెన్నిస్‌లో 96 మంది సింగిల్స్ డ్రా ఉంటే 32 మంది సీడెడ్ (ర్యాంకును బట్టి ముందే ఎంచిన) ఆటగాళ్లకు బై ఇచ్చేది ఇందుకే. వింబుల్డన్‌ సింగిల్స్‌లో 128 మంది, బై అక్కర్లేదు.

క్రికెట్ బై సంగతి పూర్తిగా వేరు. బంతి బ్యాటుకీ, ఒంటికీ తగలకుండా కీపర్‌ని దాటి బౌండరీకి పోయిందనుకోండి. అంపైర్ అరచేయి విప్పి, చేతిని తలకంటే పైకి ఎత్తుతాడు. జట్టుకు 4, బ్యాటర్‌కు సున్నా, కానీ ఒక బంతి ఆడినట్టే. బౌలర్ ఖాతాలో పరుగు పడదు. ఓవర్లో బైలు తప్ప మరేమీ రాకపోతే అది మెయిడెనే (బౌలర్ పరుగివ్వని ఓవరే)! కొత్తగా స్కోరు రాసేవాళ్లు ఆ నాలుగూ బౌలర్ మీద వేసేస్తారు, చివర్లో కూడిక తేలదు. వైడ్ బంతికి పరుగెత్తితే మాత్రం అవి బైలు కావు, అన్నీ వైడ్లే.

అభ్యాసం: 13 జట్లకు డ్రా గీయండి. పై సగంలో 7 జట్లు, ఒక్క బై. జవాబు వచ్చే పాఠంలో, 'సీడ్'తో పాటు.